గుర్రాన్ని నడకకు కట్టేయకండి, దౌడూ తీయించకండి

సంపాదకులకు,

గత ఆదివారం మీ పత్రికలో గుర్రపు స్వారీ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. హనుమకొండ, హసన్‌పర్తి, ధర్మసాగర్ వైపు ఈ మధ్య సొంతంగా గుర్రాలు పెంచుకుంటున్న వాళ్ల గురించి ఒక పత్రిక అంత చోటు ఇవ్వడం మంచి విషయం, అందుకు థ్యాంక్స్. కానీ ఎండ్యూరెన్స్ రైడింగ్ గురించి, అంటే గుర్రం మీద ఒకే రోజులో 40, 80, 120, 160 కిలోమీటర్లు వెళ్లే స్వారీ గురించి అందులో రాసిన రెండు మాటలు తప్పు. అవి నమ్మి ఎవరైనా గుర్రాన్ని బయటికి తీస్తే దెబ్బ తినేది ఆ మూగజీవమే. మొత్తం దూరం నడిపించుకుంటూ పోతేనే గుర్రానికి బలం మిగులుతుందని ఒకచోట రాశారు. ఫొటో కింద మాత్రం గంటల కొద్దీ దౌడు తీసేదే అసలైన ఎండ్యూరెన్స్ గుర్రం అన్నారు. ఈ రెండు మాటలకూ ఒకదానితో ఒకటి పొసగదు, విడివిడిగా చూసినా రెండూ నిలబడవు.

నేను పదకొండేళ్లుగా గుర్రాలు పెంచుతున్నాను. ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి. మా తాత కాజీపేట స్టేషన్ నుంచి హనుమకొండ చౌరస్తా దాకా టాంగా నడిపేవాడు. మా బాపు కాలానికి టాంగాలు పోయి ఆటోలొచ్చాయి, గుర్రాల ముచ్చట ఇంట్లో మాటల్లోనే మిగిలింది. తాత మాట ఒకటి మాత్రం నాకు బాగా గుర్తు: "సర్‌పట్ల ఉరికిస్తే స్టేషన్ దాకనే పోతది బిడ్డా, దుల్కీల పోనిస్తే పొద్దూకే దాకా పోతది." సర్‌పట్ అంటే పూర్తి దౌడు, దుల్కీ అంటే ఇంగ్లీషులో ట్రాట్ అనేది. టాంగావాళ్లందరూ ఈ ఉర్దూ మాటలే వాడేవారు. తాత చెప్పింది చాలావరకు సరైనదేనని నాకు అర్థం కావడానికి ఒక గుర్రాన్ని ఇబ్బంది పెట్టాల్సి వచ్చింది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు గుర్రం ఎలా కదులుతుందో చూద్దాం. నడకలో నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి, నాలుగు చప్పుళ్లు విడివిడిగా వినిపిస్తాయి, ఏ క్షణంలోనైనా కనీసం రెండు కాళ్లు నేల మీదే ఉంటాయి. వేగం గంటకు ఆరేడు కిలోమీటర్లు. దుల్కీలో ఐమూలగా ఉన్న కాళ్లు జతగా పడతాయి, కుడి ముందుకాలు ఎడమ వెనకకాలు ఒక దెబ్బ, ఎడమ ముందుకాలు కుడి వెనకకాలు ఇంకో దెబ్బ. ఆ రెండు దెబ్బల మధ్య గుర్రం ఒక లిప్త కాలం గాలిలో ఉంటుంది. వేగం మామూలుగా గంటకు 12 నుంచి 16. దాని తర్వాతది క్యాంటర్, మూడు దెబ్బల లయ, గంటకు 17 నుంచి 24 దాకా. ఆపైన పూర్తి దౌడు. మన పాతవాళ్లు కూడా ఈ తేడాలు గమనించకుండా లేరు, అమరకోశంలో గుర్రం గతులను ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదుగా చెప్పి వాటికి పంచధారలని పేరు పెట్టారు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించాక కాకతీయ ప్రతాపరుద్రుడు ఇచ్చిన కప్పంలో ఏనుగులతో పాటు వేల గుర్రాలు వెళ్లాయని ఢిల్లీ చరిత్రకారులు రాసిన ఊరు మనది. అలాంటి ఊళ్లో గుర్రం గురించి రాసేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త అవసరం.

ఇక మీ వ్యాసంలోని మొదటి మాట. నడకే చవక, అంటే నడకలోనే తక్కువ బలం ఖర్చవుతుంది అని. వినడానికి సబబుగానే ఉంటుంది, మనిషి పరుగెత్తితే అలసిపోతాడు, నడిస్తే అలసిపోడు, గుర్రం కూడా అంతే అనుకుంటాం. 1981లో అమెరికాలోని హార్వర్డ్‌లో డొనాల్డ్ హోయ్ట్, రిచర్డ్ టేలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు. చిన్న పోనీ గుర్రాలను ట్రెడ్‌మిల్ ఎక్కించి, మూతికి మాస్కు పెట్టి, ఎంత ఆక్సిజన్ వాడుతున్నాయో లెక్కగట్టారు. ఇందులో తెలివైన పని ఏంటంటే, ఆ పోనీలకు మామూలుగా నడవాల్సిన వేగంలో దుల్కీ చేయడం, దుల్కీ వదిలేయాల్సిన వేగంలో కూడా దుల్కీలోనే ఉండటం నేర్పించారు. అలా కొలిస్తే తేలిందేంటంటే ప్రతి నడక తీరుకూ దానికంటూ ఒక చవకైన వేగం ఉంది. ఆ వేగం కంటే తగ్గినా ఖర్చు పెరుగుతుంది, పెరిగినా ఖర్చు పెరుగుతుంది. నడకను లాగి లాగి వేగం పెంచితే ఒక దశ దాటాక దుల్కీ కంటే నడకే ఖరీదైపోతుంది. దుల్కీని అలాగే లాగితే దౌడు కంటే ఖరీదవుతుంది.

అందరూ వదిలేసే ముక్క ఇంకోటుంది. ప్రతి తీరులోనూ దాని చవకైన వేగం దగ్గర, ఒక మీటరు దూరానికి అయ్యే ఖర్చు నడక, దుల్కీ, దౌడు మూడింటిలోనూ దాదాపు ఒకటే. అంటే సరైన వేగంలో దుల్కీ చేసే గుర్రానికి కిలోమీటరుకు అయ్యే ఖర్చు, సరైన వేగంలో నడిచే గుర్రానికి అయ్యే దానికంటే పెద్దగా ఎక్కువేమీ కాదు. ఇంకో విషయం, ఆ పోనీలను ఖాళీ స్థలంలో వాటి మానాన వదిలేసి గమనిస్తే అవి ప్రతి తీరులోనూ ఆ చవకైన వేగానికి దగ్గర్లోనే తిరిగాయి, మధ్య వేగాల జోలికి పోలేదు. ఎవరూ చెప్పకుండానే.

ఇప్పుడు లెక్క వేసుకోండి. హనుమకొండ నుంచి రామప్ప గుడికి, మధ్యలో మట్టి దారులు వెతుక్కుంటూ పోతే సుమారు 65 కిలోమీటర్లు అనుకుందాం. మొత్తం నడకే అంటే గంటకు ఆరు చొప్పున దాదాపు 11 గంటలు. అంతసేపూ గుర్రం వీపు మీద మనిషీ జీనూ కలిపి ఎనభై, తొంభై కిలోలు. పొద్దున ఆరింటికి బయల్దేరినా మిట్టమధ్యాహ్నం ఎండ మొత్తం దాని నెత్తిమీదే. అదే 49 కిలోమీటర్లు గంటకు 13 చొప్పున దుల్కీలో, మిగతా 16 నడకలో పోతే ఆరున్నర గంటల్లో అయిపోతుంది, మధ్యలో రెండు విరామాలు కలుపుకున్నా మధ్యాహ్నం రెండు లోపే గుర్రం రామప్ప చెరువు దగ్గర చెట్టు నీడలో గడ్డి మేస్తుంటుంది. కిలోమీటరు ఖర్చు రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు సమానమే, కానీ నడిపించిన గుర్రం నాలుగున్నర గంటలు ఎక్కువ బరువు మోసింది. జీను కింద వీపు పుండు పడేది ఇలాగే. నడకే దయ అనుకునే వాళ్లకు నేను చెప్పేది ఇదే, మీ ఉద్దేశం మంచిదే, కానీ గుర్రం వీపు కూడా గుర్రంలో భాగమే కదా.

దుల్కీ అంత చవక ఎందుకంటే గుర్రం కాలి నిర్మాణం వల్ల. మోకాలి కింద నుంచి గిట్ట దాకా గుర్రం కాలిలో కండ దాదాపు ఉండదు, అంతా ఎముక, పొడుగాటి నరాలు (మనం నరాలంటాం గానీ అవి కండను ఎముకకు కట్టే స్నాయువులు). కాలు నేల మీద పడ్డప్పుడు ఆ స్నాయువు రబ్బరులా సాగి, కాలు లేచేటప్పుడు వెనక్కి తన్నుతుంది. ఆ తన్నులో కొంత బలం ఊరికే తిరిగొస్తుంది, కండ అంత పని చేయాల్సిన అవసరం ఉండదు. దుల్కీ బాగా సాగుతున్న గుర్రం మీద కూర్చున్నవాడికి ఇది ఒంట్లో తెలుస్తుంది, కింద స్ప్రింగు ఉన్నట్టు ఒకే లయలో పోతూనే ఉంటుంది, మనం తొందరపెట్టాల్సిన పని ఉండదు.

మరి మూడు తీరుల్లోనూ కిలోమీటరు ఖర్చు ఒకటే అయితే క్యాంటర్‌లోనే పోవచ్చు కదా, ఇంకా త్వరగా అయిపోతుంది కదా అని మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న. మేత లెక్క కిలోమీటరుకు వేసుకోవచ్చు గానీ వేడి లెక్క నిమిషానికి వేసుకోవాలి. కండరాలు వాడే శక్తిలో నాలుగో వంతు కూడా కదలికగా మారదు, మిగతాదంతా వేడిగా మారి ఒంట్లోనే ఉంటుంది, అది బయటికి పోవాలి. గంటకు 13తో పోయే గుర్రానికి కిలోమీటరు వేడిని వదిలించుకోవడానికి నాలుగున్నర నిమిషాలకు పైగా టైమ్ దొరుకుతుంది. గంటకు 20తో పోయే గుర్రానికి మూడు నిమిషాలే. అదే వేడి, తక్కువ టైమ్. చలి దేశాల్లో ఇది సరిపోతుంది. మన వరంగల్‌లో జనవరి పొద్దున సరిపోతుంది. మార్చి మధ్యాహ్నం సరిపోదు, మే నెల మాట ఎత్తనే వద్దు.

గుర్రం చెమట పట్టడంలో మనిషిని మించింది, కష్టపడి పనిచేసే గుర్రం ఎండలో గంటకు పది లీటర్లకు పైగా చెమట పోయగలదు. ఆ చెమటలో ఉప్పు మనిషి చెమటలో కంటే చాలా ఎక్కువ. నీళ్లతో పాటు ఉప్పు కూడా అదే స్థాయిలో పోవడం వల్ల రక్తం చిక్కబడినట్టు మెదడుకు తెలియదు, అందుకే ఒళ్లు ఎండిపోయిన గుర్రం కూడా బకెట్ ముందు పెడితే దాహం లేనట్టు నిలబడుతుంది. మావాళ్లు కొందరు దాన్ని చూసి, దీనికి ఇంకా దమ్ముంది, నీళ్లు కూడా అడగట్లేదు అంటారు. అది దమ్ము కాదు, ప్రమాదం. అలాంటి గుర్రానికి ముందు ఒళ్లంతా నీళ్లు పోసి, నీడకు తెచ్చి, మామూలు నీళ్లు ఒక బకెట్‌లో, కొద్దిగా ఉప్పు కలిపినవి ఇంకో బకెట్‌లో పెట్టి ఏది కావాలో దాన్నే ఎంచుకోనివ్వాలి.

2018 సెప్టెంబర్‌లో అమెరికాలోని ట్రయాన్‌లో జరిగిన ప్రపంచ ఈక్వెస్ట్రియన్ గేమ్స్ (గుర్రపు స్వారీ పోటీలు)లో ఎండ్యూరెన్స్ పోటీని మధ్యలోనే రద్దు చేశారు. వేడి, గాలిలో తేమ కలిసి గుర్రాలకు ప్రమాదమయ్యే స్థాయికి వచ్చాయని. అక్కడున్నవి ప్రపంచంలోని మేటి గుర్రాలు, చుట్టూ పశువైద్యులు, ఐసు, నీళ్లు. మనకు అవేవీ లేవు. గుర్రం నోటితో గాలి పీల్చుకోలేదు, ముక్కుతోనే పీల్చాలి. క్యాంటర్‌లో, దౌడులో ఒక అంగకు ఒక శ్వాస, అంతే, అడుగుతో ఊపిరి ముడిపడిపోతుంది. దుల్కీలో ఆ ముడి అంత గట్టిగా ఉండదు, గుర్రం తనకు కావాల్సిన లయలో ఊపిరి తీసుకోగలదు. వేడి రోజున ఈ ఒక్క తేడా కూడా చిన్నది కాదు.

ఇంతవరకూ చదివితే దుల్కీయే ఏకైక సమాధానం అని నేనంటున్నట్టు ఉంటుంది. తాత మాటను నేనూ కొన్నేళ్లు అలాగే అర్థం చేసుకున్నాను, అక్కడే తప్పు చేశాను. మూడేళ్ల కింద ఫిబ్రవరిలో నేనూ ఒక మిత్రుడూ హనుమకొండ నుంచి రామప్పకు బయల్దేరాం. అతనిది పొడుగాటి మార్వారీ మగగుర్రం, ఎత్తు 15 హ్యాండ్స్ (ఒక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు) దాటింది, అతను మనిషి బక్కపలచన. నాది 14 హ్యాండ్స్ ఉండే ఎర్ర ఆడగుర్రం, పేరు మల్లి. నేను 84 కిలోలు. అతని గుర్రం గంటకు 16 వేగంతో హాయిగా దుల్కీ చేస్తోంది. మల్లి కూడా దుల్కీయే చేస్తోంది, పక్కపక్కనే పోతున్నాం, నాకు సంతోషంగా ఉంది, తాత చెప్పిన తీరే కదా అని. అది మెడ చాచి, అంగలు సాగదీసి, ఆ వేగాన్ని ఎలాగో అందుకుంటోంది. రెండుసార్లు క్యాంటర్‌లోకి ఎగరబోయింది, నేనే పగ్గాలు పట్టి ఆపాను. క్యాంటర్ అయితే బలం ఖర్చవుతుందని.

గూడెప్పాడ్ దాటాక ఆగి స్టెతస్కోపు పెట్టి చూశాం. ఎండ్యూరెన్స్‌లో అందరూ చూసే అంకె 64, ఆగిన తర్వాత ఎన్ని నిమిషాల్లో గుండె నిమిషానికి 64 దెబ్బలకు దిగుతుందన్నది లెక్క. మిత్రుడి గుర్రం ఎనిమిది నిమిషాల్లో దిగింది. మల్లికి 22 నిమిషాలు పట్టింది. అప్పుడే ఆపాల్సింది. కొత్త గుర్రం, ఇంకా అలవాటు కాలేదేమో అనుకుని బయల్దేరాను. మల్లంపల్లి దగ్గర అరగంట దాటినా 70 కింద దిగలేదు, పిరుదుల కండలు రాయిలా బిగుసుకున్నాయి, అడుగు వేయడానికి ఇష్టపడలేదు, పోసిన మూత్రం కాఫీ రంగులో ఉంది. కండ దెబ్బతిని దాని రంగు మూత్రంలోకి దిగిందన్నమాట. అలాంటప్పుడు గుర్రాన్ని నడిపించకూడదు, నిలబెట్టాలి, డాక్టర్‌ను పిలవాలి. డాక్టర్ వచ్చి సెలైన్ ఎక్కించాడు, రాత్రికి డీసీఎం వ్యాన్‌లో ఇంటికి తెచ్చాం. మల్లి బతికింది, బాగుంది, కానీ నాలుగు నెలలు జీను వేయలేదు. ఆ రాత్రంతా దాని పక్కన కూర్చున్నాను, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ తర్వాతే హోయ్ట్, టేలర్ సంగతులన్నీ కూర్చుని చదివాను. 1991లో క్లెయిర్ ఫార్లీ అనే ఆవిడ టేలర్‌తో కలిసి చేసిన ఇంకో పరిశోధన నాకు మల్లి విషయంలో జవాబు చెప్పింది. గుర్రం దుల్కీ వదిలి దౌడులోకి ఎప్పుడు మారుతుందని చూస్తే, కాళ్ల మీద పడే బలం ఒక హద్దుకు చేరగానే మారుతోంది. మారగానే ఆ గరిష్ఠ బలం సుమారు 14 శాతం తగ్గుతోంది. వీపు మీద బరువు పెడితే ఇంకా తక్కువ వేగంలోనే మారుతోంది. అంటే పొట్టి గుర్రం, పైన 84 కిలోల మనిషి, వేగం గంటకు 16 ఉన్నప్పుడు మల్లి క్యాంటర్‌లోకి ఎగరబోయింది పొగరుతో కాదు. తన కాళ్లకు ఎక్కువ బలం పడుతోందని దానికి తెలుసు, నేను రెండుసార్లు పగ్గాలు పట్టి వద్దన్నాను. మిత్రుడి గుర్రానికి అదే వేగం దుల్కీలో చవకైన వేగం, మల్లికి అది దుల్కీ హద్దు దాటిన వేగం. ఒకే దారి, ఒకే వేగం, ఒకే తీరు, ఒక గుర్రానికి మేలు, ఇంకోదానికి కీడు.

కాబట్టి అసలు అడగాల్సింది ఏ తీరు మంచిదని కాదు. నా గుర్రం నడకలో ఏ వేగం దగ్గర హాయిగా ఉంది, దుల్కీలో ఏ వేగం దగ్గర, క్యాంటర్‌లో ఏ వేగం దగ్గర, ఈ మూడూ తెలుసుకోవాలి. తెలిశాక ఆ మూడు వేగాల్లోనే స్వారీ చేయాలి, మధ్యలో ఉండిపోకూడదు. మల్లికి అవి ఆరు, పన్నెండున్నర, పద్దెనిమిది. ఇవి మల్లివి మాత్రమే, మీ గుర్రానికి పనికిరావు. మరుసటి ఏడాది అదే దారిలో మిత్రుడితో మళ్లీ వెళ్లాను, ఈసారి పక్కపక్కన పోదామన్న పట్టుదల వదిలేశాను. అతను 16తో ముందుకు పోతుంటే నేను పన్నెండున్నర దుల్కీలో వెనకబడ్డాను, మెత్తటి మట్టి దొరికినచోట మూడు నాలుగు నిమిషాలు క్యాంటర్ చేసి కొంత అందుకున్నాను, ఎత్తు వస్తే నడక. పల్లం వస్తే నేను దిగి పక్కన నడిచాను. ఎండ్యూరెన్స్‌లో సవారీ దిగి నడవడం తప్పు కాదు, పెద్ద పోటీల్లోనూ చేస్తారు. మల్లంపల్లి దగ్గర మల్లి గుండె తొమ్మిది నిమిషాల్లో 64కు దిగింది. రామప్పకు మిత్రుడి కంటే 40 నిమిషాలు ఆలస్యంగా చేరాం, చేరగానే అది గడ్డి కోసం నా చెయ్యి లాగింది.

గుర్రం వేగాలు తెలుసుకోవడం కష్టమేం కాదు. ఫోన్‌లో వేగం చూపించే యాప్ చాలు, ఒక స్టెతస్కోపు, చదునైన రెండు కిలోమీటర్ల మట్టి దారి. నేను కాకతీయ కాలువ గట్టు మీద చేస్తాను. ఒకే తీరులో ఒకే వేగంతో రెండు కిలోమీటర్లు పోయి, ఆగి, గుర్రం ఎడమ ముందుకాలి మోచేతి వెనక స్టెతస్కోపు పెట్టి, ఆగగానే ఒకసారి, రెండు నిమిషాలకు ఒకసారి, అయిదు నిమిషాలకు ఒకసారి లెక్కించి పుస్తకంలో రాసుకోండి. ఊరికే నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, మీ గుర్రానిది ఎంతో పొద్దున్నే కొట్టంలో చూసి పెట్టుకోండి. మరుసటి రోజు వేగం ఒక కిలోమీటరు పెంచి చూడండి. ఒక వేగం దగ్గర అంకె ఒక్కసారిగా ఎగురుతుంది, తిరిగి దిగడానికీ ఎక్కువసేపు పడుతుంది. ఆ తీరుకు అదే హద్దు. చెవులూ చెబుతాయి, హాయిగా ఉన్న గుర్రం చెవులు అటూ ఇటూ తిరుగుతుంటాయి, ఇబ్బందిలో ఉన్నది వెనక్కి వాల్చి మొండిగా పెడుతుంది. అయినా నేను చెవులను కాకుండా అంకెనే నమ్ముతాను, మంచి గుర్రం మన కోసం తన బాధ దాచుకుంటుంది.

రేవాల్ అనే నడక తీరు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. మార్వారీ, కాఠియావాడీ గుర్రాల్లో కొన్నింటికి పుట్టుకతోనే ఆ తీరు ఉంటుంది, నాలుగు కాళ్లూ విడివిడిగా వేగంగా పడతాయి, దుల్కీలాగా కుదుపు ఉండదు, చేతిలో గ్లాసు నీళ్లు పట్టుకున్నా తొణకవంటారు. ఐస్‌లాండ్ గుర్రాల్లోనూ ఇలాంటిదే ఒకటుంది, అలాంటి అదనపు నడకలకు డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పు కారణమని 2012లో కనుక్కున్నారు. రాజస్థాన్ నుంచి గుర్రాలు తెచ్చి అమ్మేవాళ్లు రేవాల్ ఉందంటే రేటు పెంచుతారు. సవారీ చేసేవాడి నడుముకు అది నిజంగానే సుఖం. గుర్రానికి కూడా సుఖమా కాదా అన్నది ఆ గుర్రం గుండె చెప్పాలి, అమ్మేవాడు కాదు. పైన చెప్పిన పరీక్షే దానికీ చేయండి.

దుల్కీలో పోయేటప్పుడు ఇంకో సంగతి, ఇది మన దగ్గర దాదాపు ఎవరూ పాటించరు. దుల్కీలో స్వారీ చేసేవాడు ఒక దెబ్బకు లేచి ఒక దెబ్బకు కూర్చుంటాడు. కూర్చునే దెబ్బ ఎప్పుడూ ఒకే జత కాళ్ల మీద పడితే ఆ జత ఎక్కువ మోస్తుంది. 40 కిలోమీటర్లు అలాగే పోతే గుర్రం ఒక పక్క బిగుసుకుపోతుంది. కిలోమీటరుకోసారి, కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుని అయినా సరే, ఒక దెబ్బ అదనంగా కూర్చుని జత మార్చండి. క్యాంటర్‌లో కూడా ముందుకు చాచే కాలు ఒకటే ఉండకుండా కుడి ఎడమలు మార్చాలి. ఏ తీరు అన్నదాని కంటే ఆ తీరును రెండు పక్కలా పంచడం ముఖ్యమని నాకు ఈ మధ్య అనిపిస్తోంది.

నేల సంగతి కూడా మర్చిపోవద్దు. ములుగు రోడ్డు తారు మీద దుల్కీ చేయించవద్దు, లాడం ఉన్నా లేకపోయినా. తారు మీద నడకే. ఎర్ర చెలక మట్టి, కాలువ గట్టు, చెరువు కట్ట పక్క బాట దొరికితే దుల్కీ. వాన పడ్డ రేగడిలో ఏ తీరూ చవక కాదు, గిట్ట దిగబడితే ఆ స్ప్రింగు పనిచేయదు, ప్రతి అడుగూ కండే లాగాలి, అప్పుడు దిగి నడిపించుకుని పోవడమే.

ఇక ఫొటో కింద రాసిన దౌడు మాట. ఎడారి ప్రాంతాల్లో చదును దారుల మీద గంటకు 20 దాటి సగటు వేగంతో 100 కిలోమీటర్ల పైన పరుగెత్తించే పోటీలు ఉన్నాయి, నిజమే. వాటిలో కాళ్లు విరిగిన గుర్రాలూ ఉన్నాయి. గుర్రాల సంక్షేమం విషయంలోనే 2015లో అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ యూఏఈ జాతీయ సమాఖ్యను సస్పెండ్ చేసింది. మన కుర్రాళ్లు ఫోన్లలో చూసేది ఆ వీడియోలే. 1955లో అమెరికాలో మొదలైన టెవిస్ కప్ గురించి వాళ్లకు ఎవరూ చెప్పరు, అది కొండల్లో 100 మైళ్లు, 24 గంటల్లో పూర్తి చేస్తే చాలు, దారి పొడవునా డాక్టర్లు గుర్రాన్ని పరీక్షిస్తారు, కుంటినా గుండె దిగకపోయినా అక్కడికే ఆపేస్తారు. ముందు చేరినవాళ్లలో ఎవరి గుర్రం ఆరోగ్యంగా ఉందో చూసి దానికి వేరే బహుమతి కూడా ఇస్తారు.

జాతరల సీజన్‌లో హైవే మీద గుర్రాలను దౌడు తీయించే కుర్రాళ్లు నాకు ఏటా కనిపిస్తారు. నిన్నటిదాకా పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు ముందు నిలబడ్డ గుర్రాన్ని కిరాయికి తెచ్చి ఒక్కరోజులో 30 కిలోమీటర్లు ఉరికిస్తారు. దానికి గుండె, ఊపిరి రెండు మూడు నెలల సాధనలో కొంత కుదురుకోవచ్చు, స్నాయువులూ ఎముకలూ గట్టిపడటానికి ఏడాది పైనే పడుతుంది. ఉత్సాహం చూసి మోసపోతారు, గుర్రం మొదటి పది కిలోమీటర్లు ఎగురుతుంది, పదకొండోదాంట్లో కాలు పోతుంది. వాళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు, వాళ్లకు గుర్రాలంటే ప్రేమే, నాకూ ఆ వయసులో చెప్పినవాళ్లు లేరు.

అందుకే మీకు రాస్తున్నాను. మీ పత్రిక ఈ జిల్లాల్లో పొద్దున్నే టీ కొట్టు దగ్గర చదివే పత్రిక. ఆ వ్యాసంలోని రెండు వాక్యాలనూ సవరిస్తూ ఒక చిన్న ముక్క వేయండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడి అధ్యాపకులను అడిగి గుర్రం గుండె ఎలా లెక్కించాలి, చర్మం గిల్లి వదిలితే ఎంతసేపట్లో సర్దుకోవాలి, చిగుళ్ల మీద వేలు నొక్కి తీస్తే రంగు ఎన్ని సెకన్లలో తిరిగి రావాలి అన్నది బొమ్మలతో ఒక అరపేజీ వేస్తే ఇంకా మంచిది. వేయడానికి ఇదే సమయం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే ఇక్కడ దూర స్వారీలు చేయగలం, గుర్రాలను తయారు చేయడం దసరాకు ముందే మొదలుపెట్టాలి. మల్లిని నేను వచ్చే వారం నుంచి గట్టు మీదికి తీస్తున్నాను, మొదటి మూడు వారాలూ నడకే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ